మూడడుగుల యాత్రికులు: చిన్నపిల్లలతో థీమ్ పార్కు ప్రయాణం

ఉయ్యాలలు, రంగులరాట్నాలు, జారుడు తొట్లు, గిరగిర తిరిగే కుర్చీలు వంటి వినోద సాధనాలను ఒక ఆవరణలో చేర్చి, ప్రవేశ రుసుము తీసుకొని నడిపే స్థలాన్ని అమ్యూజ్‌మెంట్ పార్కు అంటారు. అవే సాధనాలను ఒక కథకో, ఊహాలోకానికో, గడిచిపోయిన ఒక కాలానికో ముడిపెట్టి, అక్కడి కట్టడాలు, సంగీతం, సిబ్బంది వేషాలు, చివరికి చెత్తబుట్టల రంగు కూడా ఆ కథకు లోబడి ఉండేలా తీర్చినప్పుడు అది థీమ్ పార్కు అవుతుంది. వాడుకలో ఈ తేడా చాలావరకు చెరిగిపోయి, ఇలాంటి సాధనాలున్న ప్రతి చోటినీ థీమ్ పార్కే అంటున్నారు కనుక, ఈ వ్యాసంలోనూ ఆ విశాలార్థమే గ్రహించాలి. పార్కులో ఎక్కి తిరిగే ప్రతి సాధనాన్నీ రైడ్ అనడం కూడా తెలుగువారికి అలవాటైన మాటే.

వేసవి సెలవులు రాగానే, లేదా దసరా, సంక్రాంతి సెలవులకు రెండు మూడు రోజుల ప్రయాణం అనుకోగానే, ఆరేళ్ళలోపు పిల్లలున్న ఇళ్ళలో ముందుగా వినిపించేవి ఈ పార్కుల పేర్లే. హైదరాబాదు శివార్లలోని రామోజీ ఫిల్మ్ సిటీ, వండర్‌లాల నుంచి, అమెరికాలో స్థిరపడిన కొడుకుల దగ్గరికో కూతుళ్ళ దగ్గరికో వెళ్ళిన పెద్దవాళ్ళు మనవలతో కలిసి చూసివచ్చే ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ దాకా ఈ జాబితా సాగుతుంది. ఏ పార్కుకు వెళ్ళినా ఏర్పాట్లన్నీ పెద్దల లెక్క ప్రకారమే జరుగుతాయి. టికెట్ ధర ఎంత, రైడ్లు ఎన్ని, గేటు మూసేలోగా ఎన్ని ఎక్కగలం అన్నవే ఆ లెక్కలోని పద్దులు. తీరా లోపలికి అడుగుపెట్టాక ఆ రోజు నడకను నిర్ణయించేవి మాత్రం పిల్లవాడి ఎత్తు, నిద్రవేళ, దాహం, భయం. డబ్బు కట్టినవారి లెక్కకూ, టికెట్ అక్కర్లేనంత చిన్నవారి కొలతకూ మధ్యనున్న ఈ ఎడాన్ని ఇంటి దగ్గరే పూడ్చుకుని బయలుదేరితే, ఈ ప్రయాణంలో ఎదురయ్యే చిక్కులలో చాలావాటికి ముందే దారి దొరుకుతుంది.

బెంచీ మీది తండ్రి

డబ్బు తీసుకొని జనాన్ని తిప్పి ఆనందపరిచే సాధనాలు కొత్తవి కావు. తెలుగు ఊళ్ళ తిరనాళ్ళలోనూ, జాతరలలోనూ మనిషి చేత్తో తిప్పే చిన్న రంగులరాట్నం చాలాకాలంగా ఉన్నదే. 1938లో మొదలై, ఇప్పుడు ఏటా జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో జరిగే నుమాయిష్‌లో జెయింట్ వీల్ ఎక్కకుండా ఇల్లు చేరిన హైదరాబాదు పిల్లలు తక్కువ. యూరప్‌లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్ నగరంలో 1843లో తెరిచిన తివోలి ఉద్యానం నేటికీ నడుస్తోంది. అయితే పెద్దలూ పిల్లలూ ఒకే రైడ్‌లో పక్కపక్కన కూర్చునే చోటుగా పార్కును మొదటినుంచీ ఆలోచించి కట్టిన ఘనత ప్రధానంగా వాల్ట్ డిస్నీకి దక్కింది. లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో తన ఇద్దరు కూతుళ్ళు రంగులరాట్నం మీద తిరుగుతూ ఉంటే తాను బెంచీ మీద ఊరికే కూర్చోవలసి వచ్చేదనీ, తల్లిదండ్రులకు కూడా భాగం ఉండే చోటు కట్టాలన్న ఆలోచన అక్కడే పుట్టిందనీ ఆయన తరవాతి కాలంలో చెప్పుకున్నాడు. ఆ ఆలోచనే 1955 జూలై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో, నారింజ తోటలు కొట్టేసిన నేలమీద, డిస్నీలాండ్‌గా తెరుచుకుంది.

ఆ ప్రారంభోత్సవానికి ముందు జరిగిన ఒక నిర్ణయం చిన్నపిల్లల తల్లిదండ్రులకు నేటికీ పనికివచ్చే పాఠం. ప్లంబర్ల సమ్మె కారణంగా తాగునీటి కొళాయిలనూ మరుగుదొడ్లనూ రెండిటినీ గడువులోగా సిద్ధం చేసే వీలు లేకపోయినప్పుడు, దాహానికైతే కొనుక్కు తాగే దారైనా ఉంటుందన్న తర్కంతో డిస్నీ మరుగుదొడ్లనే ఎంచుకున్నాడు. ఎండ మండిపోయిన ఆ రోజున కొళాయిల్లో నీళ్ళు రాక జనం విసుక్కున్న మాట నిజమే గాని, ఆ ఎంపిక వెనకనున్న అనుభవాన్ని తప్పుపట్టలేము. మూడేళ్ళ పిల్లను చంకనేసుకొని పార్కు మ్యాపు తెరిచిన తల్లి కళ్ళు ముందుగా వెతికేది రాజుగారి కోటను కాదు, మరుగుదొడ్డి గుర్తునే.

ఈ నమూనా తరవాతి దశాబ్దాలలో దేశదేశాలకు పాకింది. 1971 అక్టోబరు 1న ఫ్లోరిడాలో వాల్ట్ డిస్నీ వరల్డ్, 1983లో టోక్యో, 1992లో పారిస్, 2005లో హాంకాంగ్, 2016లో షాంఘై డిస్నీ పార్కులు వరసగా తెరుచుకున్నాయి. భారతదేశంలో 1982 ఆసియా క్రీడల చిహ్నమైన ఏనుగు పేరుతో ఢిల్లీలో 1984లో వెలసిన అప్పూ ఘర్, 1989లో ముంబై దగ్గర వచ్చిన ఎస్సెల్ వరల్డ్ ఒక తరానికి ఈ వినోదాన్ని పరిచయం చేశాయి. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ సినిమా సెట్లనే కథగా మలుచుకొని, చిన్నపిల్లల కోసం ఫండుస్థాన్ వంటి విభాగాలను చేర్చుకోగా, 2000లో కొచ్చిలో తొలి పార్కు పెట్టిన వండర్‌లా సంస్థ 2016లో హైదరాబాదు అవుటర్ రింగ్ రోడ్డు పక్కన రావిర్యాలలో నేలమీది రైడ్లనూ నీటి రైడ్లనూ ఒకేచోట చేర్చిన పార్కును తెరిచింది.

ఎత్తుకర్ర చెప్పే మాట

ప్రతి పెద్ద రైడ్ వాకిట్లోనూ ఒక గీత గీసిన కర్ర గాని, చేయి చాచిన బొమ్మ గాని నిలబడి ఉంటుంది. తల ఆ గీతను తాకని పిల్లవాడికి లోపలికి ప్రవేశం లేదు. వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్ అనే ఓ మోస్తరు వేగం గల రైడ్‌కు 38 అంగుళాల ఎత్తు, చీకట్లో దూసుకుపోయే స్పేస్ మౌంటెన్‌కు 44 అంగుళాల ఎత్తు ఉండాలన్నది నియమం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెరుగుదల ప్రమాణాల ప్రకారం మూడేళ్ళు నిండిన పిల్లల మధ్యస్థ ఎత్తు, అంటే సగంమంది పైన, సగంమంది కింద ఉండే కొలత, 95 నుంచి 96 సెంటీమీటర్లు. ఐదేళ్ళు నిండినవారిది దాదాపు 110. ముప్పై ఎనిమిది అంగుళాలంటే 96 సెంటీమీటర్లు దాటుతుంది కనుక, మూడేళ్ళ పిల్లల్లో సగానికి పైగా ఆ చిన్న రైడ్ గుమ్మం దగ్గరే ఆగిపోతారు. 44 అంగుళాలు, అంటే దాదాపు 112 సెంటీమీటర్లు లేని ఐదేళ్ళవారు పెద్ద రైడ్ దగ్గర ఆగిపోతారు. టికెట్ కొనేటప్పుడు చూసిన రైడ్ల సంఖ్యకూ, ఆ పిల్లవాడికి నిజంగా అందే రైడ్ల సంఖ్యకూ ఉన్న తేడా ఇక్కడ బయటపడుతుంది.

ఈ నియమం సిబ్బంది చాదస్తం కాదు. రైడ్‌లో కూర్చున్నవారిని పట్టి ఉంచడానికి ఒడి మీదికి దిగే అడ్డుకడ్డీని ల్యాప్ బార్ అంటారు. బండి మలుపు తిరిగినప్పుడు ఒళ్ళు పక్కకు తోసుకుపోకుండా, పైకి లేచినప్పుడు సీటు వదలకుండా ఆపవలసింది అదే. ఇద్దరికీ కలిపి ఒకే కడ్డీ ఉన్న రైడ్లలో అది ఇద్దరిలో లావుపాటివారి తొడల దగ్గరే ఆగిపోతుంది. పక్కనున్న చిన్నవాడి ఒడికీ కడ్డీకీ మధ్య జానెడు ఖాళీ మిగిలిపోతుంది. పైగా పసివారికి ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ, మెడ కండరాల బలం తక్కువ. కాళ్ళు నేలకు ఆనించి నిలదొక్కుకోవడం, ఆగేదాకా లేవకూడదన్న మాట గుర్తుంచుకోవడం కూడా రైడ్ భద్రతలో భాగాలే కనుక, వీటన్నిటికీ కలిపి చూడగానే తెలిసే గుర్తుగా ఎత్తును పెట్టుకున్నారు. మడమ ఎత్తు చెప్పులు తొడిగో, మునివేళ్ళ మీద నిలబెట్టో ఆ గీతను దాటించడమంటే, పిల్లవాడికి ఆ కడ్డీ ఇవ్వవలసిన రక్షణను పెద్దలే తీసివేయడమని అర్థం.

చేయవలసింది తేలిక. పార్కులో తొడగబోయే చెప్పులతోనే పిల్లను గోడకు నిలబెట్టి పెన్సిలుతో గీత పెట్టి కొలిచి, ఆ పార్కు ప్రకటించిన ఎత్తుల పట్టికతో పోల్చి, ఎక్కగలిగినవాటి బొమ్మలు మాత్రమే ఆమెకు చూపించాలి. ఎక్కలేనిదాన్ని ఇంట్లో ఊరించి, గుమ్మం దగ్గర లేదనిపించడం కంటే పెద్ద ఏడుపు ఆ రోజున మరొకటి ఉండదు. వండర్‌లాలో పిల్లల టికెట్టు కూడా వయసును కాక ఎత్తును బట్టే నిర్ణయమవుతుంది. అమెరికాలోని డిస్నీ పార్కులలో మూడేళ్ళలోపు వారికి టికెట్ అక్కర్లేదు. పెద్దపిల్ల ఎక్కగలిగి చిన్నవాడు ఎక్కలేని రైడ్ దగ్గర తల్లిదండ్రులలో ఒకరు పెద్దపిల్లతో ఎక్కి దిగాక, అంతదాకా చిన్నవాడితో ఉన్న రెండోవారు మళ్ళీ మొదటినుంచి వరసలో నిలబడకుండా ఎక్కే ఏర్పాటు కొన్ని పార్కులలో ఉంటుంది. దాన్ని రైడర్ స్విచ్ అంటారు. అడిగితే గాని సిబ్బంది చెప్పకపోవచ్చు కనుక, ఈ మాట తెలిసి ఉండడం మేలు.

ఒంట్లోని గడియారం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం ఏడాది నుంచి రెండేళ్ళ పిల్లలకు రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ళ వారికి 10 నుంచి 13 గంటలు నిద్ర అవసరం. పగటి కునుకు కూడా ఇందులో భాగమే. పార్కు రోజున ఈ లెక్క రెండు వైపులా తెగుతుంది. తెల్లవారకముందే లేపి బండి ఎక్కించడం వల్ల ఉదయం కొంత, సందడి ముమ్మరంగా ఉండే వేళా కునుకు వేళా ఒకటే కావడం వల్ల మధ్యాహ్నం కొంత నిద్ర పోతుంది. మూడు గంటల ప్రాంతంలో ఏ కారణమూ లేకుండా నేలమీద పొర్లి ఏడుస్తున్నట్టు కనిపించే పిల్లవాడికి నిజానికి రెండు కారణాలు ఉంటాయి: నిద్ర, ఆకలి. మధ్యాహ్నం గంటన్నర సేపు నీడపట్టున గాని, పార్కు పక్కనే గది దొరికితే అక్కడ గాని పడుకోబెట్టిన కుటుంబం సాయంత్రం మరో రెండు గంటలు హాయిగా తిరగగలుగుతుంది. తిరుగుడు మానేసి పడుకోబెట్టడం దండగ అనుకున్నవారు ఆ రెండు గంటలనూ సముదాయించడంలోనే ఖర్చుపెట్టుకుంటారు.

వేసవి సెలవులే పిల్లలకు తీరిక కనుక, తెలుగు జిల్లాలలో పాదరసం 40 డిగ్రీలు దాటే మే నెలలోనే ఈ పార్కులు కిటకిటలాడతాయి. పిల్లల శరీర బరువుతో పోలిస్తే చర్మ విస్తీర్ణం పెద్దలకంటే ఎక్కువ కావడం వల్ల బయటి వేడి వారికి త్వరగా ఎక్కుతుంది, చెమట పట్టి చల్లబడే శక్తి తక్కువ కావడం వల్ల త్వరగా దిగదు. ఆటలో పడ్డ పిల్ల దాహమని తానుగా చెప్పదు, అడిగితే వద్దంటుంది. అందుకే అడగకుండా అరగంటకొకసారి రెండు గుక్కల నీళ్ళో, పలచని మజ్జిగో పట్టించడం, మూత్రం ముదురు పసుపు రంగులో వస్తోందా, గంటల తరబడి రావడమే లేదా అన్నది గమనించడం తెలివైన పని. ఓఆర్‌ఎస్ పొట్లం ఒకటి సంచిలో ఉండాలి. ఎండ తగలకుండా తోపుడు బండి మీద దళసరి దుప్పటి కప్పడం చాలామంది చేసే పొరపాటు. లోపల గాలి ఆడక బండి ఉడుకుపెట్టెలా మారుతుంది. గొడుగు నీడ, పలచని నూలు బట్ట, వేడెక్కిన ఇనుప పిడి మీద తువ్వాలు, ఈ మూడూ అంతకంటే నమ్మదగినవి.

గిరగిర తిరిగే రైడ్ దిగగానే వాంతి చేసుకునే పిల్లల విషయంలో తిండి ఒక్కటే దోషి కాదు. లోపలి చెవిలోని అర్ధవర్తుల కుల్యలు అనే సన్నని గొట్టాలలోని ద్రవం తల కదలికను మెదడుకు తెలియజేస్తుంది. ఆ వార్తకూ కళ్ళు చెప్పే వార్తకూ పొంతన కుదరనప్పుడు వికారం పుడుతుంది. రెండేళ్ళలోపు పిల్లల్లో ఇది అరుదు, రెండు నుంచి పన్నెండేళ్ళ మధ్య ఎక్కువ. కడుపు నిండా తిన్న వెంటనే గాని, పూర్తిగా ఖాళీ కడుపుతో గాని ఇలాంటి రైడ్ ఎక్కించకుండా, రెండు ఇడ్లీలో, కాసిని పెరుగన్నం ముద్దలో పెట్టి అరగంట ఆగడం మంచిది. బయటి తిండిని లోనికి అనుమతించని పార్కులు కూడా పసివారి ఆహారానికి సాధారణంగా మినహాయింపు ఇస్తాయి. బయలుదేరే ముందు ఒక ఫోను చేసి కనుక్కుంటే గేటు దగ్గర వాదన తప్పుతుంది.

పిల్లికి కుక్క ముసుగు

చిన్నపిల్లల భయాన్ని పెద్దలు తరచుగా పిరికితనంగా లెక్కవేస్తారు గాని, అది వారి ఆలోచన ఎదుగుదలలో ఒక దశ. రెండేళ్ళ నుంచి ఏడేళ్ళ వరకు ఉండే కాలాన్ని స్విట్జర్లాండ్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జాఁ పియాజె పూర్వ ప్రచాలక దశ అన్నాడు. పైకి కనిపించే రూపాన్ని దాటి వస్తువు అసలు స్వభావాన్ని పట్టుకునే తర్కం ఇంకా కుదురుకోని దశ అని దాని అర్థం. 1969లో రీటా డివ్రీస్ అనే పరిశోధకురాలు ప్రచురించిన ఒక ప్రయోగం దీన్ని కళ్ళకు కట్టిస్తుంది. మేనార్డ్ అనే సాధువైన పిల్లిని ఆమె మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు చూపించి, నిమరనిచ్చి, ఆ తరవాత దాని ముందుభాగాన్ని తెర చాటున ఉంచి, తోక వైపు పిల్లలకు కనిపిస్తూ ఉండగానే ముఖానికి కుక్క ముసుగు తొడిగింది. తెర తీశాక మూడేళ్ళవారిలో చాలామంది అది కుక్క అయిపోయిందనే నమ్మారు. ఆరేళ్ళవారు మాత్రం ముసుగు వేసుకున్న పిల్లే అని తేల్చి చెప్పారు.

ఆరడుగుల ఎలుకో, పెద్ద తల ఎలుగుబంటో చేతులు చాచి ఎదురొచ్చినప్పుడు మూడేళ్ళ పిల్ల తల్లి చీర కుచ్చిళ్ళలో ముఖం దాచుకోవడం అందుకే. టీవీలో అరచేతంత ఉండే ఆ బొమ్మ ఇష్టమే. ఇంత పెద్దదిగా, మాట లేకుండా, రెప్ప వేయకుండా మీదికి వచ్చే ఆ రూపం వేరు. దసరాకు పులివేషం ఇంటి ముందుకు వచ్చినప్పుడు జరిగేది కూడా ఇదే. డప్పు దూరంగా మోగుతున్నంతసేపూ గంతులు వేసిన పిల్లవాడే వేషం వాకిట్లోకి రాగానే తాతయ్య వెనక దాక్కుంటాడు. ఫోటో కోసం అలాంటి పిల్లను వేషగాడి చేతుల్లో పెట్టడం వల్ల ఫోటోలో ఏడుపూ, మనసులో భయమూ మిగులుతాయి. నాలుగు గజాల దూరంలో నిలబడి మొదట పెద్దలు చేయి ఊపి, కరచాలనం చేసి, పిల్ల తానుగా అడుగు వేసేదాకా ఆగడమే సరైన పద్ధతి. చీకటి గుహల్లోంచి పోయే పడవలు, దయ్యాల కొంపలు, తలుపు మూసుకున్నాక బయటికి రాలేని ప్రదర్శనలు ఈ వయసుకు తగినవా అన్నది పెద్దవారిలో ఒకరు ముందుగా ఎక్కి చూసి తేల్చుకోవచ్చు. పెద్ద శబ్దాలకు చెవులు మూసుకునే పిల్లలకు చెవి మఫ్లర్లు పనికివస్తాయి.

వరసలో గడిచే కాలం

పార్కులో గడిపే సమయంలో పెద్ద భాగం రైడ్ల మీద కాక వరసల్లో గడుస్తుంది. నిరీక్షణ మనస్తత్వం మీద డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన ప్రసిద్ధ వ్యాసం, పని ఉన్న నిరీక్షణ కంటే పని లేని నిరీక్షణ, గడువు తెలిసిన నిరీక్షణ కంటే తెలియనిది ఎక్కువ దీర్ఘంగా తోస్తాయని వివరించింది. గడియారం చూడడమే రాని పిల్లకు ఎంతసేపన్న భావనే ఉండదు కనుక, ఆమెకు ప్రతి వరసా గడువు తెలియనిదే. పార్కులు కూడా ఈ సంగతి గ్రహించాయి. వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో చిన్నపిల్లలకు ప్రియమైన డంబో అనే ఎగిరే ఏనుగుల రైడ్‌ను 2012లో కొత్తచోటికి మార్చినప్పుడు రెండు రాట్నాలుగా చేసి, వరసకు బదులు సర్కస్ డేరా లోపల ఆటస్థలం కట్టి, తల్లిదండ్రుల చేతికి వంతు రాగానే మోగే పరికరం ఇచ్చారు. పిల్లలు ఆడుకుంటూ ఉంటారు, పెద్దలు కూర్చుంటారు. అలాంటి ఏర్పాటు లేనిచోట కుటుంబమే దాన్ని కల్పించుకోవాలి. పొడుపుకథలు, వేళ్ళ మీద ఆడే ఆటలు, ముందున్నవారి టోపీలు లెక్కించడం, ఒక చిన్న పొట్లంలోని మరమరాలు ఇందుకు చాలు. తెరిచీ తెరవగానే వెళ్ళడం, సెలవురోజులు కాకుండా మామూలు పనిదినాలను ఎంచుకోవడం అన్నిటికంటే చవకైన ఉపాయాలు.

నీటి దగ్గర, జనం మధ్య

వేసవిలో పిల్లలకు నీటి రైడ్లే ప్రాణం కనుక, అక్కడి జాగ్రత్త వేరుగా చెప్పుకోవాలి. నీటిలో మునిగే పిల్ల సినిమాలో లాగా కేకలు వేయదు, చేతులు కొట్టుకోదు. నోరు నీటి మట్టానికి దిగిపోయాక కేక వేసే ఊపిరే ఉండదు. అందువల్ల ఐదేళ్ళలోపు పిల్ల నీటిలో ఉన్నంతసేపూ ఒక పెద్దవారు చేయి చాస్తే అందే దూరంలో, ఫోను పక్కన పెట్టి ఉండాలి. గాలి నింపిన రింగులు, చేతి తొడుగులు ఆటవస్తువులే గాని రక్షణ కవచాలు కావు. కృత్రిమ అలలు లేపే వేవ్ పూల్‌లో మోకాలి లోతు నీరు కూడా అల వచ్చిన క్షణంలో పిల్ల ఛాతీ దాటుతుంది. విరేచనాలు అవుతున్న పిల్లను పూల్‌లోకి దింపకపోవడం తన బిడ్డకే కాదు, పదిమంది బిడ్డలకూ చేసే మేలు. కొన్ని రోగక్రిములు క్లోరిన్ కలిపిన నీటిలోనూ రోజుల తరబడి బతుకుతాయి. నీటి రైడ్లలో నూలు బట్టలను అనుమతించకపోవడం చాలాచోట్ల ఉన్న నియమమే కనుక, నైలాన్ దుస్తులు ఇంటి నుంచే తీసుకువెళ్ళడం మేలు.

జనంలో పిల్ల తప్పిపోవడం ఏ తిరనాళ్ళలోనైనా ఉన్న భయమే. గేటు దగ్గర ఆ రోజు వేసిన బట్టలతో ఫోటో ఒకటి తీసుకుంటే, కంగారులో గౌను రంగు గుర్తుచేసుకునే అవస్థ తప్పుతుంది. ముంజేతి లోపలివైపు ఫోను నంబరు రాసి, దాని మీద పారదర్శకమైన టేపు అంటించవచ్చు. కొత్తవాళ్ళతో మాట్లాడవద్దని మాత్రమే నేర్పిన పిల్ల తప్పిపోయినప్పుడు ఎవరినీ సాయం అడగలేదు. పేరుపట్టీ పెట్టుకున్న పార్కు సిబ్బందినో, పిల్లలతో ఉన్న ఒక అమ్మనో అడగమని నేర్పడం అంతకంటే ఉపయోగకరం.

టికెట్ డబ్బులు గిట్టాయా?

పైన చెప్పిన జాగ్రత్తలు తల్లిదండ్రులకు తెలియనివి కావు. తెలిసీ వాటిని వదిలేయించే బలమైన కారణం ఒకటుంది. తిరిగిరాని ఖర్చును చూసి, దాన్ని వృథా కానివ్వకూడదని ఇప్పటి సుఖాన్ని బలిపెట్టడాన్ని ఆర్థికశాస్త్రంలో సంక్ కాస్ట్ భ్రమ అంటారు. సంక్ కాస్ట్ అంటే మునిగిపోయిన ఖర్చు. హాల్ ఆర్కెస్, కేథరిన్ బ్లూమర్ అనే పరిశోధకులు 1985లో ప్రచురించిన అధ్యయనంలో ఒక నాటకశాల సీజన్ టికెట్లను కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు అమ్మారు. సీజన్ మొదటి భాగంలో పూర్తి ధర పెట్టినవారే ఎక్కువ నాటకాలకు వచ్చారు. నాటకాలు అందరికీ ఒకటే అయినా, పెట్టిన డబ్బు వారిని లాక్కొచ్చింది. థీమ్ పార్కులో సాయంత్రం ఐదింటికి కళ్ళు మూతలు పడుతున్న పిల్లను భుజాన వేసుకుని ఇంకో రెండే రైడ్లు అంటూ పరుగెత్తే తండ్రిని నడిపించేది కూడా ఆ డబ్బే. టికెట్ డబ్బు గేటు దగ్గరే అయిపోయింది. ఉన్నా, వెళ్ళిపోయినా అది తిరిగి రాదు. మిగిలినది ఆ సాయంత్రం ఒక్కటే.

కాబట్టి ఈ వయసు పిల్లలతో వెళ్ళేవారు రైడ్ల సంఖ్యను కాక, తప్పనిసరిగా చూడవలసిన మూడింటిని ముందే ఎంచుకొని, మిగతాది దొరికితే దొరికినట్టు అనుకోవడం ఉత్తమం. నచ్చిన చిన్న రాట్నాన్నే నాలుగుసార్లు ఎక్కుతానన్న పిల్లకు అది వృథా కాదు. తెలిసినదాన్ని మళ్ళీ మళ్ళీ చేయడంలోని ఆనందమే ఆ వయసు ఆనందం. చెప్పిన కథనే మళ్ళీ చెప్పమని ప్రతి రాత్రీ అడిగేది ఆ పిల్లే.

గుర్తుంటుందా?

ఇంత చిన్నపిల్లలకు ఏం గుర్తుంటుంది, పెద్దయ్యాక తీసుకువెళ్ళవచ్చు కదా అన్నది ఈ ప్రయాణాల మీద తరచుగా వినిపించే అభ్యంతరం. పెద్దవారికి సాధారణంగా మూడు, మూడున్నరేళ్ళ వయసుకు ముందరి సంగతులు గుర్తుండవు; దీన్ని బాల్య విస్మృతి అంటారు. అయితే నీనా హామండ్, రాబిన్ ఫైవుష్ అనే పరిశోధకులు 1991లో ప్రచురించిన అధ్యయనం ఈ ప్రశ్నకు నేరుగా డిస్నీ వరల్డ్ నుంచే జవాబు తెచ్చింది. మూడేళ్ళ, నాలుగేళ్ళ వయసులో ఆ పార్కుకు వెళ్ళివచ్చిన 48 మంది పిల్లలలో సగంమందిని ఆరు నెలలకు, సగంమందిని పద్దెనిమిది నెలలకు ప్రశ్నించినప్పుడు, ఏడాదిన్నర గడిచినవారు కూడా ఎన్నో వివరాలను సరిగానే చెప్పగలిగారు. పెద్దపిల్లలు తామే ఎక్కువ చెప్పారు. చిన్నవారు ఒక్కో ప్రశ్న అందించగా చెప్పారు. ఆ ప్రయాణం గురించి ఇంట్లో ఎంత తరచుగా మాట్లాడుకున్నారో అంత ఎక్కువగా పిల్లలకు గుర్తుంది.

మాటలతో నిలిచే జ్ఞాపకం మాటలతో మారిపోగలదు కూడా. ఎలిజబెత్ లాఫ్టస్, ఆమె సహపరిశోధకులు 2002లో ప్రచురించిన ప్రయోగంలో, డిస్నీ పార్కులో బగ్స్ బన్నీ అనే కుందేలు బొమ్మతో కరచాలనం చేసినట్టు సూచించే ప్రకటన చదివిన పెద్దవారిలో కొందరు, చిన్నప్పుడు తమకు అది నిజంగా జరిగిందని నమ్మారు. ఆ కుందేలు డిస్నీది కాదు, వార్నర్ బ్రదర్స్ వారిది కనుక, అది జరగడానికి వీలే లేదు. తల్లిదండ్రులు పిల్లకు కథ అందివ్వకుండా, ఆమె కథను వినవలసిన అవసరం ఇక్కడ ఉంది. కోట బాగుందా, రైలు బాగుందా అని అడిగితే వచ్చే జవాబు ఔననే. ఏం చూశావో చెప్పమ్మా అని అడిగి ఊరుకుంటే వచ్చేది వేరు.

అందుకు తగిన సమయం తిరుగు ప్రయాణమే గాని, ఆ వేళకు పిల్ల నిద్రలో ఉంటుంది. మర్నాడు ఉదయం అమ్మమ్మ జడ వేస్తూ అడిగినప్పుడు అసలు సంగతి బయటికి వస్తుంది. వేల రూపాయల రైడ్లలో ఒకటి రెండు పేర్లు వినిపించవచ్చు. చేతులు కడుక్కునే చోట కాలితో నొక్కితే నీళ్ళు వచ్చిన కొళాయి, బెంచీ కింద పడుకున్న పిల్లి, నాన్న భుజం మీదినుంచి చూసిన దీపాలు తప్పకుండా వినిపిస్తాయి. జడ పూర్తయ్యేదాకా అమ్మమ్మ మధ్యలో సరిదిద్దకుండా ఊఁ కొడుతూ వింటే, పిల్ల చెప్పిన ఆ మూడే, మళ్ళీ అడిగినప్పుడల్లా కొంచెం పెరుగుతూ, ఆ ప్రయాణంగా ఇంట్లో నిలిచిపోతాయి.